తెలిసిన నడక

సూర్యుడు ఇంకా కొంచెం దిగాలి, అప్పటిదాకా నన్నెవరూ కదపొద్దు అని చెప్పి సాల్మన్ కెమెరా మీద తువ్వాలు కప్పి, కళ్ళం గట్టున కాళ్ళు చాపుకుని కూర్చున్నాక, ఆరాధనకు ఆలోచించడం తప్ప పనేమీ మిగల్లేదు. కొద్దిరోజులుగా ఆమెకు బొత్తిగా చేతగాకుండా పోయిన పని కూడా అదే. ఎదురుగా రామాంజనేయులు గారి కళ్ళం నిండా ఎండు మిరపకాయలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎరుపు, మధ్యలో మనిషి నడవడానికి సన్నటి బాట. రేపు పొద్దున్నే ఈ కాయల్ని గోతాల్లో తొక్కి గుంటూరు యార్డుకు పంపేస్తారు. కెమెరా కూడా రేపుండదు. అది చీరాలలో పెళ్ళి వీడియోలు తీసే సాల్మన్ వాళ్ళ బావది, రేపు ఎవరిదో పెళ్ళి, ఇవాళ రైలుకి అది వెళ్ళిపోవాలి. అంటే ఈ సాయంత్రం తీస్తే తీసినట్టు, లేదంటే కాలేజీలో తన చివరి ఏడాది సినిమా ఆ పాత మొదలుతోనే, అందరూ తలా ఒక వంక పెట్టిన ఆ మొదలుతోనే వెళ్తుంది. అది సరే. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటుంది. అవతల ట్రాక్టరు తొట్టి నీడలో నాన్న పాత చొక్కా ఉతికి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్ళి, అమ్మా, ఈసారి నువ్వు వద్దులే అని చెప్పాలి. చెప్పాలనే పొద్దున గుంటూరులో బస్సెక్కింది. ఎక్కేటప్పుడు ఉన్న గట్టితనం ప్రత్తిపాడు దాటేసరికి సగమైంది, ఊళ్ళో దిగేసరికి అది కూడా లేదు. అమ్మేమో ఉదయం నుంచీ పనికి పోకుండా కూర్చుంది, తల దువ్వుకుని మరీ, ముసుగు కట్టుకునేదానికి తల ఎందుకు దువ్వుకుందో ఏమో.

కథ తన సొంతం, అందులో అనుమానం లేదు, అనుమానం లేనిది ఇప్పుడు ఆ ఒక్కటే. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆడవాళ్ళు ఘాటుకి తట్టుకోలేక ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుంటారు, చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు, ఇక కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఒకరోజు ఆ వరసలో ఒక మనిషి ఎక్కువ కూర్చుంటుంది. అందరూ ఒకేలా ఉంటారు గనక ఎవరూ పట్టించుకోరు. పొద్దుగూకేసరికి ముఠా మేస్త్రి గోతాల చాటున చచ్చిపడి ఉంటాడు. వచ్చిందెవరు? గుంటూరులో క్లాసు ముందు నిలబడి ఈ మాట అడిగి ఆగినప్పుడు వెనక బెంచీలు కూడా సద్దుమణిగాయి. సినిమా పాఠాలు చెప్పే జయరావు సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ఆయనకు ఏదైనా నచ్చితే చేసే పని అదే. ఆ రోజు హాస్టల్‌కి నడిచి వెళ్ళిందో తేలిపోతూ వెళ్ళిందో ఆమెకే తెలియదు. మొదటి షాటు కూడా దారిలోనే తట్టింది. కళ్ళం ఆ చివర నుంచి ముసుగు కట్టుకున్న ఒక ఆడమనిషి నడిచి వస్తుంది, వచ్చి వరసలో కూర్చుంటుంది, ఒక కాయ చేతిలోకి తీసుకుంటుంది. అంతే. ఎవరు నడవాలి అనే ప్రశ్నే రాలేదు. అమ్మ ఉంది. అమ్మకు ఘాటుకి దగ్గు రాదు, కెమెరాకు బెదరదు, నడవమంటే నడుస్తుంది, ఇంకోసారి అంటే ఇంకోసారి నడుస్తుంది. ముసుగు ఎలాగూ ఉందాయె, ఎవరైతేనేం అనుకుంది. ఎవరైతేనేం. ఆ మాటే ఇప్పుడు పీక్కుతింటోంది.

తుమ్ము వినపడింది. శ్రీరమ్యది. హాస్టల్లో పక్క మంచం పిల్ల, అమ్మ బదులు నడవడానికి పాపం సెలవు పెట్టుకుని వచ్చింది, కళ్ళం ఆ చివర చొక్కా వేసుకుని, చున్నీ మూతికి చుట్టుకుని, నడక సాధన చేస్తోంది. కాసేపు నడవడం, ఆగి తుమ్మడం, ముక్కు తుడుచుకోవడం, మళ్ళీ మొదటికి పోవడం. ఆ పిల్ల ఎందుకొచ్చిందో అమ్మకింకా తెలియదు. ఫ్రెండు, చూడటానికొచ్చింది అని చెప్పింది ఆరాధన. అమ్మ ఆ పిల్లకు మజ్జిగ ఇచ్చింది, కళ్ళకు చెయ్యి తగలనియ్యబాకమ్మా, మండిపోద్ది అని చెప్పింది. చెప్పి, మళ్ళీ వెళ్ళి తొట్టి నీడలో కూర్చుంది. ఇప్పుడు ఆ నీడ పొడుగైంది, అమ్మ కాళ్ళు దాటి మిరపకాయల అంచు దాకా వచ్చింది. రోడ్డు మీద పత్తి లోడు లారీ ఒకటి వెళ్ళింది, దాని వెనక తెల్లటి పీచు కొంచెం సేపు గాల్లో తిరిగింది. అదీ బాగుందే, దాన్ని మొదట్లో పెడితేనో అనుకుంది ఆరాధన. వెంటనే తన మీద తనకే విసుగొచ్చింది. ఇట్లాగే కదా, కనపడిందల్లా మొదట్లో పెట్టి, అన్నదల్లా విని, ఇంత దాకా తెచ్చుకుంది.

జయరావు సారుకి ఒక పద్ధతుంది. లైట్లార్పి సినిమాల మొదళ్ళు మాత్రమే వేస్తాడు, లైట్లు వెలిగాక బాగుంది అనే మాట ఎవరి నోటా రాకూడదు. ఫోన్ చూసుకోవాలని మీకు ఎక్కడ అనిపించిందో అది చెప్పండి చాలు అంటాడు. తీసినవాళ్ళు నోరు తెరవకూడదు, అది కాదు సార్ అనకూడదు, వినాలి. ఆరాధన విన్నది. శ్రీరమ్యే ముందు లేచి, స్నేహం పక్కన పెట్టి, ఆ మనిషి మరీ మెల్లగా వస్తోంది, నేను ఈలోగా మెసేజ్ కూడా పెట్టాను అంది. ఒకడు నడక సగానికి కొయ్యమన్నాడు. వాడి పక్కనున్నవాడు నడక వల్లే భయమేసింది, ఇంకా సాగదియ్యమన్నాడు. శవంతో మొదలుపెట్టమన్నారు. శవం ఊసే ఎత్తొద్దన్నారు. ఎరుపు బాగుందన్నారు, నియమం తప్పి మరీ అందరూ అన్నారు, ఎరుపు మిరపకాయలది, అందులో తన గొప్పేముంది. చివర్లో సారు, చూసేవాడి చేతికి ఒక ప్రశ్న ఇయ్యమ్మా, నువ్వు నడక ఇచ్చావు, ప్రశ్న ఇవ్వలేదు అన్నాడు. ప్రశ్న ఇచ్చానుగా సార్, వచ్చిందెవరు అని నోటి దాకా వచ్చింది, నోరు తెరవకూడదు గనక మింగేసింది. హాస్టల్‌కి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుని నడక కోసింది. మళ్ళీ అతికించింది. సంగీతం పెట్టింది, తీసింది, కాకి అరుపు పెట్టింది, కాకి నవ్వులాటగా ఉందని దాన్నీ తీసింది. ఒకే మాటను పదే పదే అనుకుంటే అది మాటలా ఉండదు, వట్టి చప్పుడైపోతుంది, అమ్మ నడక కూడా అలా అయిపోయింది. అది మెల్లగా ఉందా, జోరుగా ఉందా, భయంగా ఉందా, ఏమీ లేదా. ఫోన్లో అందరికీ పంపింది. చిన్నప్పటి టీచరుకి, చీరాలలో సాల్మన్ బావకి, ఎవరో తెలియని గ్రూపులకి. వచ్చిన గొంతులన్నీ చెవిలో పెట్టుకుని వింటూ పడుకునేది. ఒక గొంతు ఔనన్నదాన్ని పక్క గొంతు కాదనేది, ఆమె ఇద్దరికీ ఊకొట్టేది.

ఇంత గందరగోళం చాలదని పుండు మీద కారం చల్లింది ఊరు. పోయిన ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక చర్చి గోడ మీద, పాటల మాటలు వేసే ప్రొజెక్టరుతోనే ఆరాధన ఆ మొదలు వేసింది. సంఘపెద్ద జక్రయ్య గారు ముందే ఆరా తీశాడు, ఇందులో దయ్యాలూ అవీ ఏం లేవుగదా అమ్మాయ్ అని. లేవు తాతయ్యా, ఒక్క హత్యే అంది. హత్య వరకైతే సర్దుకోవచ్చన్నట్టు ఆయన తలూపాడు. అమ్మతో పనికి వెళ్ళే ముఠా అంతా వచ్చింది, చర్చికి రాని కోటేశ్వరి, కరీమున్ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు. గోడ ఎర్రబడింది. ఆ చివర చీమంత మనిషి కదిలింది. ముసుగుందో లేదో కూడా ఇంకా తెలియదు, కదిలింది ఆడో మగో తెలియదు, కోటేశ్వరి చెయ్యి చాపింది.

"అదుగో, ఎలీసమ్మ వస్తంది."

"ఎలీసమ్మేగా మరి. ఆ ఎడమ పక్కకి ఒరగటం చూడు," అంది కరీమున్.

"ఏందే ఎలీసమ్మా, అంత తీరిగ్గా వస్తన్నావు, మేస్త్రి చూస్తే అరవడూ?" అంది ముఠాలో ఇంకొకామె.

"అరవటానికి వాడేడీ, వాణ్ణి చంపటానికేగా వస్తంది. మంచి పని చేస్తన్నావులే, కానియ్."

చర్చి చర్చంతా నవ్వింది. గోడ మీది అమ్మను అందరూ పలకరించారు, అమ్మ కూర్చుంటే ఇంకొంచెం జరిగి కూర్చో అన్నారు, ఆమె కాయ తీసుకుంటే అది తాలు కాదులే, కళ్ళు కనపడటంలా అన్నారు. హంతకురాలు ఎవరో సినిమా చివర తెలియాలి, మొదటి అడుగులోనే తెలిసిపోయింది, తెలిసినా ఎవరికీ ఆమె మీద కోపం లేదు. అయిపోయాక కోటేశ్వరి ఆరాధన భుజం తట్టి, మొహం కప్పుకుంటే మనిషి తెలవకపోటం ఏందమ్మాయ్, పంట వచ్చిందగ్గర్నుంచీ మేం చూసుకునేది కళ్ళూ నడకలేగా అని వెళ్ళిపోయింది. ఆమె దెప్పలేదు, మామూలుగానే అంది. అందుకే ఆరాధనకు ఎక్కువ తగిలింది. అమ్మ వెనక గోడకానుకుని కూర్చుని, కొంగు అంచు మూతికి అడ్డం పెట్టుకుని ఉంది.  ఇంటికి వచ్చే దారిలోనూ ఆ కొంగు అలాగే ఉంది. అందరూ తన పేరు పిలిచినందుకు లోపల మురిసిపోతోందేమో అనుకుంది ఆరాధన, అడగలేదు. అడగడానికి అప్పుడు ఆమె దగ్గర ఓపిక లేదు. అడిగి అడిగి అలిసిపోయి ఉంది.

మర్నాడు హాస్టల్లో శ్రీరమ్యతో అంది, అమ్మను తీసేస్తాను, నువ్వు నడువు. అప్పుడది ఎంత తేలిగ్గా అనిపించింది. అమ్మ నడకే చిక్కు, ఆ నడక లేకపోతే చిక్కు లేదు. ఇప్పుడు గట్టున కూర్చుని శ్రీరమ్య తుమ్ములు వింటుంటే ఆ తేలిక ఎటుపోయిందో తెలియదు. కాలేజీ వాళ్ళకు అమ్మ ఎవరో తెలియదు, వాళ్ళకు అమ్మ అయినా శ్రీరమ్య అయినా ముసుగులో ఒకటే, మెల్లగా నడిచే ఒక మనిషి, అంతే. ఊరివాళ్ళకేమో శ్రీరమ్య పనికిరాదు. కొత్త మనిషి వచ్చి వరసలో కూర్చుంటే వీళ్ళు ఊరుకుంటారా, ఏ ఊరు, ఎవరి తాలూకు, నిన్ను పంపిందెవరు అని అడిగి, తిన్నావా అని కూడా అడిగి, మేస్త్రి చచ్చేలోగానే కథ ముగించేస్తారు. అయితే కథే తప్పా? సారు కళ్ళజోడు తుడుచుకున్నది తప్పు కథ కోసమా? మార్కులు వేసేది సారు, కోటేశ్వరి కాదు కదా అని సర్దిచెప్పుకుంది. చెప్పుకుంటే మనసు ఒప్పుకోలేదు. భయపెట్టాలనుకున్నది ఎవరిని? క్లాసులో వాళ్ళను భయపెట్టడానికి ఊళ్ళో ఆడవాళ్ళను దయ్యాల్లా చూపించిందా తను? లేదు, అలా అనుకోలేదు, ఎప్పుడూ అనుకోలేదు. మరి ఎలా అనుకుంది? ఏమో. ఎవరినైనా అడిగితే బాగుండును అనిపించింది, అనిపించగానే నవ్వొచ్చింది.

సూర్యుడు తుమ్మచెట్ల మీదికి దిగాడు. గాలి అటు తిరిగినప్పుడల్లా ఘాటు వచ్చి గొంతులో కూర్చుంటోంది, ఆమెకు అది బాధగా లేదు, ఇంటికి వచ్చినట్టుంది. చిన్నప్పుడు ఇదే వేళకు రోడ్డు పక్కన నిలబడేది. ట్రక్కు ఆటో వచ్చి ఆగేది, అందులోంచి ముఠా దిగేది, అందరికీ మూతులకు గుడ్డలు, అందరికీ చొక్కాలు, అందరి నెత్తినా దుమ్ము. ఎదురు చూసే పిల్లలు ఎవరమ్మ దగ్గరికి వాళ్ళు పరిగెత్తేవాళ్ళు. ఎవరూ తడుముకునేవాళ్ళు కాదు. ఆరాధన ఒక్కసారైనా వేరే వాళ్ళ కొంగు పట్టుకోలేదు, చీకటి పడుతున్నా, వాన పడుతున్నా. ఆటో దిగి అమ్మ వేసే మొదటి అడుగు చాలు. అంటే తనకు తెలుసు. కోటేశ్వరి చెప్పింది కొత్త సంగతేం కాదు, తనకు మాటలు రాకముందు నుంచీ తెలిసిన సంగతి. ఇంటర్ అయ్యాక కూడా ప్రతి ఎండాకాలం, నిరుడు కూడా, ఆ వరసలో కూర్చుంది, కాలు మడుచుకుని తాలు ఏరింది, ఏరిన కాయల గంప ఎడమ పక్కన ఎత్తుకుని మోసింది, పక్కనున్నదెవరో ఏ రోజూ తప్పు పోల్చుకోలేదు. మరి గుంటూరులో క్లాసు ముందు నిలబడి, అందరూ ఒకేలా ఉంటారు గనక ఎవరూ పట్టించుకోరు అని ఎలా చెప్పగలిగింది? చెబుతున్నప్పుడు అది అబద్ధంలా కూడా లేదే. బెంచీల మీద వాళ్ళు చూసినట్టే చూసింది, వాళ్ళకు అందరూ ఒకేలా ఉంటారు గనక తనకూ అలాగే ఉన్నారు. సిగ్గేసింది. ఎవరి ముందు సిగ్గుపడాలో తెలియక మిరపకాయల వంక చూసింది. అమ్మమ్మ కూడా ఇదే పని చేసేదట. తను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆమెది ఒకే ఫొటో, స్టూడియో కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంటుంది, ఆ ఫొటో చూస్తే మనిషి ఎలా ఉండేదో తెలుస్తుంది గానీ ఎలా వచ్చేదో తెలియదు.

"ఇంక కాసేపే," అన్నాడు సాల్మన్, కెమెరా మీద తువ్వాలు తీస్తూ. "ఎవరు నడుస్తున్నారో తేల్చు. ఆంటీ కూడా లేచింది చూడు."

అమ్మ లేచింది. చొక్కా మడత విప్పి దులిపింది. ఆరాధన బాట వెంట పోకుండా గట్టు చుట్టూ తిరిగి వెళ్ళింది, దూరం ఎక్కువైతే చెప్పే మాట దొరుకుతుందేమోనని. వద్దులే అమ్మా, నువ్వు అలిసిపోతావు. కాదు, అది అబద్ధం. నిన్ను అందరూ గుర్తుపట్టేస్తున్నారమ్మా. గుర్తుపట్టడం తప్పా? శ్రీరమ్యకు నటన నేర్పించాలమ్మా. ఛీ. తొట్టి దగ్గరికి వచ్చేసింది, ఒక్క మాటా మిగల్లేదు.

"నడవనా?" అంది అమ్మ. ఒక చెయ్యి అప్పటికే చొక్కాలో ఉంది.

"అమ్మా, ఆ రోజు చర్చిలో చూశావుగా. ఎట్లా ఉంది?"

ఇది తను అనాలనుకున్నది కాదు, నోరు దానంతటది అనేసింది. అమ్మ రెండో చెయ్యి దూర్చకుండా ఆగింది.

"నన్నడుగుతున్నావా?"

"నిన్నే."

"అందర్నీ అడిగావు. ఫోన్లో మొహం తెలవనోళ్ళని కూడా అడిగావు. నన్నడగలేదేందా అనుకున్నా." నిష్ఠూరంగా లేదు, నిజంగానే ఎందుకో తెలియనట్టు అంది. "భయమేసింది."

ఆరాధనకు అర్థం కాలేదు. "భయమా? అందరూ నవ్వుతుంటేనూ?"

"వాళ్ళు నేనని నవ్వారు. నాకు నేనని తెలవలా అమ్మాయ్. నా నడక నేనెప్పుడు చూశాను? మా అమ్మ అనుకున్నా. అచ్చం అట్టాగే వచ్చేది, పక్కకి ఒరిగి, గంప లేకపోయినా గంప ఉన్నట్టే. మట్టిచేసొచ్చి ఇన్నేళ్ళయింది, మూతికి గుడ్డ కట్టుకుని గోడలోంచి నా మీదికే వస్తంది. ఒళ్ళు జల్లుమంది. లేచిపోదామనుకున్నా. ఈలోగా కోటేశ్వరి నా పేరు పిలిచింది."

"పిలిచాక పోయిందా భయం?"

"పిలిచాక ఎక్కువైంది," అంది అమ్మ. రెండో చెయ్యి దూర్చి గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

అందరూ చూశారు, ఒక్కరే భయపడ్డారు, ఆ ఒక్కరినే తను అడగలేదు. ఆరాధనకు ఏడుపొచ్చినట్టయింది, దానితో పాటే ఏదో తెలుస్తున్నట్టు కూడా అయింది, ఏది ఏదో విడదీసే వ్యవధి లేదు. ముసుగు చూసి భయపడేది తెలియనివాళ్ళు, వాళ్ళ భయం రెండు నిమిషాలు ఉండదు, ఫోన్ చూసుకుంటారు. తెలిసిన నడకను చూసి భయపడే మనిషి వేరు. రాకూడని మనిషి వస్తోందని ఆమెకు తెలుసు, మనకు తెలియదు. సారు అడిగిన ప్రశ్న నడిచేదాని దగ్గర లేదు, చూసేదాని కళ్ళల్లో ఉంది. కెమెరాను ఇటు తిప్పాలి. ఇదైనా సరైనదేనా, లేక ఇదీ ఇంకొకరి మాట విని ఊకొట్టడమేనా? తెలియదు. అయినా సాల్మన్ దగ్గరికి పరిగెత్తింది.

"నడిచే మనిషిని తియ్యొద్దు, చూసే మనిషిని తియ్యి. అమ్మ ఇక్కడ కూర్చుని కాయలు ఏరుతూ ఉంటుంది, ఎవరో వస్తుంటే తలెత్తుతుంది. కళ్ళు చాలు."

సాల్మన్ ఆకాశం వంకా ఆమె వంకా చూశాడు. "ఇంత పెద్ద మార్పు ఇప్పుడా చెప్పేది?" అన్నాడు గానీ కెమెరా తిప్పేశాడు, అతనిలో ఉన్న మంచితనం అదే, సణుగుడు నోటిది, పని చేతులది.

అమ్మ కూర్చుంది, మూతికి గుడ్డ కట్టుకుంది, చేతులు కాయల్లోకి వెళ్ళగానే అవి ఎవరి కోసం చేస్తున్నాయో మర్చిపోయి వాటి పనిలో పడ్డాయి. ఆ చివర నుంచి శ్రీరమ్య నడిచింది. అమ్మ తలెత్తింది, చూసింది.

"బాట తప్పుతంది ఆ పిల్ల. కాయలు నలిగితే రామాంజనేయులు గారు నన్నంటాడు," అంది.

"కళ్ళల్లో భయం లేదు, కాపలా ఉంది," అన్నాడు సాల్మన్.

శ్రీరమ్య మళ్ళీ నడిచింది. మధ్యలో తుమ్మింది. అమ్మ కళ్ళు నవ్వాయి. సూర్యుడు సగం తుమ్మచెట్ల వెనక ఉన్నాడు, కళ్ళం ఎరుపు మీద సాయంత్రం ఎరుపు పడింది, ఇదే, దీని కోసమే ఆగింది, ఇది వంట చేసినంత సేపు కూడా ఉండదు. ఆరాధన బాట వెంట ఆ చివరికి వెళ్ళి శ్రీరమ్య ఒంటి మీది చొక్కా విప్పించి తను వేసుకుంది, చున్నీ మూతికి బిగించుకుంది. నేనే నడుస్తాను, అమ్మ ఓరకంట చూస్తూ ఉంటే ఎప్పుడు తలెత్తాలో చేత్తో చూపిస్తాను అని చెప్పింది. ఎలా నడవాలి? అమ్మలా నడవాలా? నడక గురించి ఆలోచిస్తే కాలు పడదు, ఏ కాలు ముందు వెయ్యాలో కూడా తెలియదు. అందుకని ఆలోచించలేదు. సాల్మన్ చెయ్యెత్తాడు. ఆమె నడిచింది. గుడ్డ లోపల తన ఊపిరి తనకే వెచ్చగా తగులుతోంది, ఘాటు కళ్ళలోకి వస్తోంది, పొద్దంతా పని చేసి గంపెత్తుకుని కుప్ప దగ్గరికి వెళ్ళిన సాయంత్రాలు ఎన్నో కాళ్ళకు గుర్తొస్తున్నాయి, కాళ్ళు వాటి దారిన అవి వస్తున్నాయి. దూరాన ఎదురుగా అమ్మ చిన్నగా ఉంది, చేతులు ఆడుతూ ఉన్నాయి. ఇప్పుడు చెయ్యెత్తి చూపించాలి అనుకుంది. చూపించేలోగానే అమ్మ తలెత్తింది.

చేతులు ఆగిపోయాయి. ఒక కాయ వేళ్ళ మధ్య ఉండిపోయింది, అది తాలో మంచిదో చూడకుండా అమ్మ దాన్ని అలాగే పట్టుకుంది. కళ్ళు ఆరాధన మొహం మీద లేవు, కింద కాళ్ళ మీద ఉన్నాయి, కాళ్ళ నుంచి ఎడమకు ఒరిగిన నడుము మీదికి వచ్చి అక్కడ నిలిచిపోయాయి. నటించమని ఎవరూ చెప్పలేదు, ఇది నటన కాదని ఆరాధనకు అంత దూరం నుంచే తెలిసిపోయింది. భయమంటే ఇదా? తన సినిమా మొదలు ఎలా ఉండాలని ఇన్నాళ్ళూ అందర్నీ అడిగిందో అది అమ్మ కళ్ళల్లో ఉంది. అది చూస్తుంటే గెలిచినట్టు లేదు, పరిగెత్తుకెళ్ళి అమ్మ కళ్ళు మూసెయ్యాలనిపించింది. ఆగాలో, నడవాలో తెలియలేదు. నడిచింది. కాలి కింద కాయ ఒకటి చిట్లింది. అమ్మ కాయను కింద పడేసి, లేచి నిలబడి, మూతి మీది గుడ్డ గడ్డం కిందికి లాక్కుంది.

"ఆరాధనా," అంది. అమ్మ ఎప్పుడూ పేరు పెట్టి పిలవదు, అమ్మాయ్ అంటుంది, తల్లీ అంటుంది. "వచ్చే ఎండాకాలం నువ్వు పనికి రాబాకు."

"షూటింగమ్మా ఇది," అంది ఆరాధన, గుడ్డలోంచి.

"తెలుసు. రాబాకు అంతే. నేను చేస్తాలే."

సాల్మన్ కెమెరా మీద చిన్న ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది, అతను దాని మీంచి కన్ను తియ్యకుండా, ఏం చెయ్యమంటావు అన్నట్టు ఒక చెయ్యి గాల్లో ఊపాడు. కట్ చెప్పాల్సింది తను. ఆరాధన చెప్పలేదు. చున్నీ కూడా విప్పకుండా తన ఎడమ పక్క చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది, అక్కడ గంప లేదు.